ఆరు పనిముట్లు, ఐదు ప్రశ్నలు



పోయిన నెల ఈ పేజీలో ఫోన్‌లో తెలుగు అక్షరాలు తెచ్చుకోవడం గురించి రాశాను. తర్వాత మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "తెలుగు నేర్చుకోవడానికి, రాసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఒక చిన్న జాబితా ఇవ్వండి. అన్నీ వెతికే ఓపిక మాకు లేదు."

సరే అని కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటి రోజు 40 పేర్లు రాశాను. మూడు వారాల తర్వాత 6 మిగిలాయి. 40 పేర్లు ఇస్తే మీరు ఒక్కటి కూడా తెరవరు. 6 ఇస్తే కనీసం రెండు ప్రయత్నిస్తారు. అందుకే చిన్న జాబితా.

కానీ మిగతా 34 ఎందుకు పోయాయో కూడా మీకు తెలియాలి. సాఫ్ట్‌వేర్ మారిపోతుంది. జాబితా పాతబడుతుంది. ఎంచుకునే పద్ధతి తెలిస్తే, రేపు మీ జాబితా మీరే రాసుకోవచ్చు. ఎప్పటిలాగే కష్టమైన మాటల అర్థాలు చివర ఇచ్చాను.

ముందు, మా ఇంట్లో జరిగిన నష్టం

మా నాయనమ్మ ఫిజీలో, నాందిలో పుట్టింది. ఆమె తెలుగులో శ్రీకాకుళం వైపు మాటలు ఉండేవి. మగపిల్లవాణ్ని "గుంటడు" అనేది. ఫిజీ మాటలు కూడా కలిసేవి. పెరటి తోటను "తెయితెయి" అనేది. అది ఫిజియన్ మాట. ఆమెకు మాత్రం అదీ తెలుగే.

కొన్నేళ్ళ కిందట నేనూ మా చిన్నాన్న కూతురూ కలిసి ఆమె మాటలు రికార్డు చేశాం. ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. ఉచితం. చాలా అందంగా ఉండేది. ఒక మాట రాసి, పక్కన ఆమె గొంతు పెట్టేవాళ్ళం. సుమారు 600 మాటలు అయ్యాయి.

తర్వాత ఆ కంపెనీ మూతపడింది. "30 రోజుల్లో మీవి మీరు తీసుకోండి" అని ఒక ఈమెయిల్ పంపారట. అది మా చెల్లి వాడడం మానేసిన పాత చిరునామాకు వెళ్ళింది. మేము చూసేసరికి గడువు దాటిపోయింది. అప్పటికి నాయనమ్మ కూడా లేదు.

ఆ మాటల్లో కొన్ని నాకు గుర్తున్నాయి. ఆమె వాటిని ఎలా పలికేదో మాత్రం నా పిల్లలు ఇక వినలేరు.

తప్పు కంపెనీది మాత్రమే కాదు, మాది కూడా. మేము "ఉచితం" అన్న మాట చూశాం. "స్వేచ్ఛ" ఉందా అని చూడలేదు. ఇంగ్లీషులో ఈ రెండిటికీ ఒకే మాట వాడతారు, అందుకే అక్కడ గొడవ. తెలుగులో రెండు వేరువేరు మాటలు ఉన్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఒక సంస్థ తన పేరే "స్వేచ్ఛ" అని పెట్టుకుంది. డబ్బు తీసుకోకపోవడం ఉచితం. లోపల ఏముందో చూసే హక్కు, మార్చుకునే హక్కు, పక్కవాళ్ళకు ఇచ్చే హక్కు ఉండడం స్వేచ్ఛ. ఓపెన్ సోర్స్ అన్నప్పుడు మనం చూడాల్సింది ఆ హక్కులే.

గిర్మిట్ గుర్తుందా?

మన పెద్దవాళ్ళు "అగ్రిమెంట్" అన్న మాటను "గిర్మిట్" అన్నారు. నటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి చేరింది. మారిషస్‌కు అంతకు ముందు నుంచే మనుషులు వెళ్తున్నారు. ఫిజీకి మద్రాసు నుంచి మనవాళ్ళు 1903 తర్వాత వెళ్ళారు. 1916లో చివరి ఓడ వెళ్ళింది.

ఫిజీ గిర్మిట్‌లో 5 సంవత్సరాల పని అని ఉంది. వారంలో 5 రోజులు 9 గంటలు, శనివారం 5 గంటలు అని ఉంది. కానీ వేలిముద్ర వేసినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఏజెంటు నోటితో చెప్పిందే వాళ్ళకు తెలుసు. మధ్యలో మానేస్తే శిక్ష పడుతుందని చాలామందికి అక్కడికి వెళ్ళాకే అర్థమైంది.

ఆ కష్టాన్నీ ఫోన్ యాప్‌నూ నేను సమానం చేయడం లేదు. చెరకు తోటలో పడిన కష్టం ముందు ఇది ఏపాటిది? కానీ ఒక అలవాటు మనం అక్కడి నుంచి నేర్చుకోవచ్చు. కాగితం చదవకుండా వేలు పెట్టకూడదు. "నేను ఒప్పుకుంటున్నాను" అన్న బటన్ కూడా ఒక వేలిముద్రే.

నేను అడిగిన ఐదు ప్రశ్నలు

1. కాగితం ఉందా, అది మనం చదవగలమా?

చాలా సాఫ్ట్‌వేర్లకు ఒక లైసెన్స్ ఉంటుంది. జీపీఎల్, ఎంఐటీ, అపాచీ, ఫాంట్లకైతే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్. ఇవి అందరికీ తెలిసిన కాగితాలు. ఒకసారి అర్థం చేసుకుంటే వందల సాఫ్ట్‌వేర్లకు సరిపోతుంది. కొత్త కాగితం ప్రతిసారీ చదవక్కరలేదు.

2. తెలుగు సరిగ్గా రాస్తుందా?

నేను నాలుగు మాటలు టైపు చేసి చూస్తాను: స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం, కృష్ణ. వత్తులు విడిపోయినా, చుక్కల వలయాలు కనిపించినా, అది జాబితాలోకి రాదు.

తెలుగు అక్షరం తెర మీద కూర్చోవడం చిన్న పని కాదు. "స్త్రీ"లో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి. వాటిని కలిపి ఒక ఆకారంగా పేర్చాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కువగా రాసింది బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. ఇరాన్‌లో పుట్టి, టొరంటో విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి. హార్ఫ్ అంటే పర్షియన్‌లో అక్షరం. అలా మన "స్త్రీ" రోజూ ఒక వలస మనిషి రాసిన కోడ్ మీద నిలబడుతోంది.

3. దానికి ప్రాణం ఉందా?

చివరి మార్పు ఎప్పుడు జరిగింది? తప్పు ఉందని ఎవరైనా రాస్తే జవాబు వస్తోందా? పని చేసేవాళ్ళు ఒక్కరేనా, కొంతమంది ఉన్నారా? తప్పులు అందరి దగ్గరా ఉంటాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ముక్కలు ఒక ప్రత్యేకమైన వరుసలో వస్తే ఐఫోన్లలో కొన్ని యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. కానీ అప్పటిదాకా బయటివాళ్ళు చేయగలిగింది ఎదురుచూడడమే. సోర్స్ తెరిచి ఉంటే, తెలిసినవాళ్ళు ఎవరైనా చేయి వేయవచ్చు. అయితే చేయి వేసేవాళ్ళు నిజంగా ఉన్నారా అన్నది మనం చూసుకోవాలి.

4. మన మాటలు ఎక్కడ ఉంటాయి?

మన కంప్యూటర్‌లోనా, వేరేవాళ్ళ దగ్గరా? ఇంటర్నెట్ లేనప్పుడు తెరుచుకుంటుందా? లబాసాలో ఉన్న మీ పెద్దమ్మ ఇంట్లో కూడా పని చేయాలి కదా.

5. బయటికి దారి ఉందా?

మా 600 మాటలు పోయింది ఇక్కడే. లోపల పెట్టినదాన్ని అంతా ఒక ఫైల్‌గా బయటికి తీసుకోగలగాలి. ఆ ఫైల్‌ను మరో సాఫ్ట్‌వేర్ చదవగలగాలి. గిర్మిట్‌కు కూడా చివరి తేదీ ఉంది. మీ సాఫ్ట్‌వేర్ నుంచి మీరు ఎప్పుడైనా బయటికి రాగలగాలి.

ఇవీ ఆరు

కీమ్యాన్. ఇది కీబోర్డు. 1993లో లావో భాష కోసం మొదలైంది. అప్పట్లో డబ్బుకు అమ్మేవారు. 2015లో ఎస్ఐఎల్ అనే సంస్థ తీసుకుంది, తర్వాత ఓపెన్ సోర్స్ అయింది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో పని చేస్తుంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ అక్కరలేదు. మొదటి వారం నెమ్మదిగా ఉంటుంది. రోజుకు ఐదు మాటలు టైపు చేయండి, చాలు.

నోటో, రామభద్ర ఫాంట్లు. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. చదవడానికి నోటో సెరిఫ్ తెలుగు. పెళ్ళి కార్డుకు, బ్యానర్‌కు లావుగా, అందంగా ఉండే రామభద్ర. అదే వరుసలో గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఫాంట్లు ఉన్నాయి. గిడుగు రామమూర్తి మనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం.

లిబ్రెఆఫీస్. ఉత్తరం రాయడానికి, పుస్తకం కట్టడానికి. ఓపెన్ఆఫీస్ చేతులు మారినప్పుడు, 2010 సెప్టెంబర్‌లో కొంతమంది కోడ్ తీసుకుని విడిగా దీన్ని మొదలుపెట్టారు. యజమాని మారినా పని ఆగలేదు. మూడో ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

అంకీ. మాటలు గుర్తుపెట్టుకోవడానికి. జపనీస్‌లో "అంకి" అంటే కంఠస్థం చేయడం. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం. మరిచిపోయే ముందు మళ్ళీ అడుగుతుంది. ఇక్కడ నేను రెండు రోజులు ఆగాను. కంప్యూటర్‌ది ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్‌లో ఉండే అంకీడ్రాయిడ్ కూడా ఓపెన్ సోర్సే. ఐఫోన్ యాప్ మాత్రం కాదు, దాన్ని కొనాలి. అయినా జాబితాలో పెట్టాను. ఎందుకంటే కార్డులన్నీ ఒక ఫైల్‌గా బయటికి వస్తాయి. ఐఫోన్ ఉన్నవాళ్ళు ముందు కంప్యూటర్‌లో మొదలుపెట్టండి.

ఆడాసిటీ. గొంతు రికార్డు చేయడానికి. 2021లో దీన్ని మ్యూస్ గ్రూప్ అనే సంస్థ తీసుకుంది. అప్పుడు కొత్త గోప్యతా నియమాల మీద పెద్ద గొడవ జరిగింది. సంస్థ తన మాటలను సవరించుకుంది. కొందరికి నమ్మకం కుదరక, కోడ్ తీసుకుని వేరు పడ్డారు. నేను ఇప్పటికీ ఆడాసిటీనే వాడుతున్నాను. కానీ ఈ కథ తెలిసి వాడండి. ఒక్క సలహా: రికార్డు చేసినదాన్ని వేవ్ ఫైల్‌గా కూడా దాచండి. దాన్ని తెరవడానికి ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ దయా అక్కరలేదు.

గ్రాంప్స్. వంశవృక్షం కోసం. 2001లో మొదలైంది. మన పాఠకులకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనుకుంటాను. ఎందుకో చెప్తాను. మీ ఇంట్లో ఎమిగ్రేషన్ పాస్ నకలు ఉంటే తీసి చూడండి. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాసి ఉంటాయి. గుమస్తా తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాశాడు. "అప్పలస్వామి" అన్న పేరునే తీసుకోండి. ఒక కాగితంలో "అప్పల్‌సామి", ఇంకో కాగితంలో "అపల్ సామీ" అయిపోతుంది. గ్రాంప్స్‌లో ఒకే మనిషికి ఎన్ని పేర్లయినా రాయవచ్చు. పాస్‌లో ఉన్న పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి, తెలుగు లిపిలో అసలు పేరు ఒకటి. ఏ పేరు ఏ కాగితం నుంచి వచ్చిందో పక్కన రాయవచ్చు. బతికి ఉన్నవాళ్ళ వివరాలు ఇతరులకు ఇవ్వకుండా గుర్తు పెట్టవచ్చు. మొదటి గంట తికమకగా ఉంటుంది. ఓపిక పట్టండి.

గుమ్మం దగ్గర ఆగినవి

టెసెరాక్ట్ అనేది పుస్తకం ఫోటో చూసి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్సే. తెలుగు కూడా చదువుతుంది. కానీ మీలో చాలామందికి కావలసింది తాతల చేతిరాత ఉత్తరాలు చదవడం. ఇది అచ్చు అక్షరాల కోసం చేసినది. చేతిరాత చదవలేదు. ఆశ పెట్టి నిరాశపరచడం ఇష్టం లేక బయట ఉంచాను.

ఇంకోటి చెప్పడం కష్టం. సర్రేలో మన పిల్లవాడే ఒకడు తెలుగు అక్షరాలు నేర్పే యాప్ చేశాడు. బాగుంది. పిల్లలు ఇష్టంగా ఆడుతున్నారు. కోడ్ కూడా అందరికీ కనిపించేలా పెట్టాడు. కానీ అందులో లైసెన్స్ లేదు.

"కోడ్ అందరికీ కనిపిస్తోంది కదా ఆంటీ?" అన్నాడు.

"కనిపించడం వేరు నాయనా, వాడుకునే హక్కు వేరు," అన్నాను. "లైసెన్స్ లేకపోతే చట్టం ప్రకారం అన్ని హక్కులూ నీవే. రేపు నీకు తీరిక లేకపోతే, ఇంకొకరు దాన్ని సరిచేసి పంచుకోవడానికి వీల్లేదు."

ఆ రాత్రే వాళ్ళ అమ్మమ్మ నాకు ఫోన్ చేసింది. "ఎవరెవరివో పెట్టావు. మన పిల్లవాడిది తీసేశావా, అమ్మాయ్?" అంది. నాకు బాధ వేసింది. కానీ మనవాడు అని పెడితే, రేపు మీరు నా జాబితాను ఎందుకు నమ్మాలి? 600 మాటలు పోగొట్టుకున్నది కూడా "అందంగా ఉంది కదా" అనుకునే.

వారం తర్వాత అతను ఎంఐటీ లైసెన్స్ పెట్టాడు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. మూడోదానికి ఇంకా రాలేదు. పని చేసేది అతనొక్కడే. మీలో కోడ్ రాయగలిగినవాళ్ళు ఒకరిద్దరు చేయి కలిపితే, వచ్చే ఏడాది ఏడో పేరు అదే కావచ్చు. ఆ మాట వాళ్ళ అమ్మమ్మకు కూడా చెప్పాను.

మన ఇరుగుపొరుగు నుంచి

మనం ఉంటున్న బ్రిటిష్ కొలంబియాలో 30కి పైగా ఆదివాసీ భాషలు ఉన్నాయి. ఫస్ట్ పీపుల్స్ కల్చరల్ కౌన్సిల్ అనే సంస్థ 2003లో ఫస్ట్‌వాయిసెస్ మొదలుపెట్టింది. అక్కడ ఒక్కో సమాజం తన మాటలు, పాటలు, కథలు, పెద్దల గొంతులు దాచుకుంటుంది. ఏది అందరూ వినాలి, ఏది తమవాళ్ళే వినాలి అన్నది ఆ సమాజమే నిర్ణయిస్తుంది. వాళ్ళ కీబోర్డు యాప్‌ను కట్టింది పైన చెప్పిన కీమ్యాన్ మీదే.

వాళ్ళ భాషల్లో కొన్నిటిని పుట్టినప్పటి నుంచి మాట్లాడేవాళ్ళు చాలా కొద్దిమందే మిగిలారు. మన తెలుగుకు కోట్లమంది ఉన్నారు. కానీ నాంది తెలుగుకు, డర్బన్ తెలుగుకు, మారిషస్ తెలుగుకు ఎంతమంది ఉన్నారు? విజయవాడలో ఎవరో చేసిన యాప్‌లో "తెయితెయి" దొరకదు. దాన్ని దాచుకోవాల్సింది మనమే. అందుకే పెట్టె ఎవరిదో, తాళం ఎవరి దగ్గర ఉందో ఇంత గట్టిగా అడుగుతున్నాను.

ఈ నెల పని

ఆరింటిలో ఒకటి ఎంచుకోండి. ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలూ మీరే అడగండి. నా జవాబు తప్పనిపిస్తే రాయండి, సరిచేస్తాను. ఈ జాబితాలో చోటు శాశ్వతం కాదు. వచ్చే ఏడాది ఇదే నెలలో ఆరూ మళ్ళీ పరీక్షకు కూర్చుంటాయి.

తర్వాత, ఓడ ఎక్కిన మీ పెద్దవాళ్ళ పేరు ఒకటి తెలుగులో టైపు చేసి పంపండి. పాస్‌లో ఎలా ఉందో, ఇంట్లో ఎలా పిలిచేవారో కూడా రాయండి. స్పెల్లింగ్ తప్పయినా పరవాలేదు.

మీ ఇంట్లో నాయనమ్మో తాతో ఉంటే, ఈ ఆదివారం పది నిమిషాలు వాళ్ళ మాటలు రికార్డు చేయండి. రెండు చోట్ల దాచండి. దీనికి మాత్రం వచ్చే నెల దాకా ఆగకండి.

ఈ నెల మాటలు

పనిముట్టు: పని చేయడానికి వాడే వస్తువు. సుత్తి, కత్తి లాంటివి.
గడువు: ఒక పని పూర్తి చేయడానికి ఇచ్చిన సమయం.
వత్తు: అక్షరం కింద రాసే రెండో హల్లు గుర్తు. "అమ్మ"లో కింద ఉన్నది మ వత్తు.
గోప్యత: మన విషయాలు ఇతరులకు తెలియకుండా ఉండడం.
కంఠస్థం: చూడకుండా చెప్పగలిగేలా నేర్చుకోవడం.
నకలు: అసలు కాగితాన్ని చూసి తీసిన ఇంకో కాగితం.
గుమస్తా: ఆఫీసులో కాగితాలు రాసే మనిషి.
తికమక: ఏమి చేయాలో అర్థం కాని స్థితి.

వచ్చే నెల కలుద్దాం.